సారూన్ నోరు విప్పిన రోజు

మా వీధిలో బియ్యప్పిండితో తినే పల్చటి రేకులు తీసేవాళ్లలో సారూన్‌ది తేలిక చెయ్యి. మా ఊరు బట్టంబాంగ్ బజారులో ఆమె రేకులే ముందు అమ్ముడయ్యేవి. మొగుడు థోన్ పెళ్లిళ్లలో రెండు తీగల ఫిడేలు వాయించేవాడు. నవ్వుమొహం. ఎవరింట్లో చావొచ్చినా ముందుండి పనులు చూసేవాడు. ఇంటికొచ్చి పెళ్లాన్ని కొట్టేవాడు. పక్కిల్లే కాబట్టి నాకు అన్నీ వినబడేవి.

పెళ్లైన కొత్తలో ఆమె ఊరిపెద్ద దగ్గరికి వెళ్లింది. "వేడిగా వండిపెట్టు, ఎదురు మాట్లాడకు, వాడే మారతాడు" అని పంపేశాడాయన. ఆ సంగతి పొద్దుగూకేలోపు థోన్ చెవిన పడింది. ఆ తర్వాత సారూన్ ఎవరికీ ఏదీ చెప్పలేదు. ఒక చెవి వినబడకుండా పోతే, జ్వరమొచ్చి పోయిందంది.

పోయినేడు కూతురు మాలియా అత్తారింటి నుంచి వాచిన మణికట్టుతో వచ్చింది.

"మెట్ల మీద జారానమ్మా."

"నాకు చెప్పకే ఆ మాట. ఇన్నేళ్లూ నేనూ జారుతూనే ఉన్నా."

పొయ్యి ఆర్పి, కూతుర్నీ నన్నూ వెంటబెట్టుకుని పోలీసు ఠాణాకి నడిచింది.

"సాక్ష్యమేముంది పెద్దమ్మా?" అన్నాడు అక్కడి కుర్ర పోలీసు.

"నా చెవి జ్వరంతో పోలేదు బాబూ. దీని నాన్న కొడితే పోయింది. దీని గతీ అలా కాకముందే ఏదో ఒకటి చెయ్యి."

అతను మాలియా వైపు తిరిగాడు. "నిజమేనా చెల్లీ?"

మాలియా తల దించుకుంది. "అమ్మకి సరిగ్గా వినబడదు సార్. నేనొకటి చెబితే ఇంకోటి అనుకుంది."

అతను రాసుకునే పుస్తకం మూసేశాడు.

దారిలో ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. "నా బాబు అత్తారింట్లోనే ఉన్నాడమ్మా. నేను నోరు తెరిస్తే వాణ్ని మళ్లీ చూడనివ్వరు." సారూన్ దాని తల నిమిరింది.

మర్నాడు కూతుర్ని అత్తారింటికి బస్సెక్కించి, నేరుగా మా ఇంటికొచ్చి కూచుంది. థోన్ గుమ్మంలోకొచ్చి, "పరువు తీసింది చాలు, పద" అన్నాడు. ఆమె కదల్లేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఇప్పటికీ పెళ్లిళ్లకి అతన్నే పిలుస్తారు. "వాళ్లిద్దర్నీ కలపొచ్చుగా" అని నన్ను దెప్పుతారు.

సారూన్ నాతోనే ఉంటోంది. అప్పుడప్పుడూ మాలియాకి ఫోన్ చేస్తుంది.

"ఎలా ఉన్నావే?"

"బాగున్నా. ఆయన ఇక్కడే ఉన్నారమ్మా."

"సరే, పిల్లాడు జాగ్రత్త" అని పెట్టేస్తుంది. ఆ పూట ఇక అన్నం ముట్టదు.