పెన్రిత్‌లో అక్క ఉన్నవారు దరఖాస్తు చేయవద్దు

రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు. ఆగలేదు. ఆగింది మా ఆయన ఉద్యోగం ఒక్కటే. ఆ కంప్యూటర్లు ఆగకుండా చూడ్డానికే ఆయన్ని హైదరాబాదు నుంచి సిడ్నీ రప్పించారు. పని బాగా చేశాడు కనుక ఇక అవసరం లేదన్నారు. ఆయన హారిస్ పార్కు అనే పేటలో మా రెండు గదుల యూనిట్లో కూర్చుని అప్లికేషన్లు పంపుతూ, కుక్కర్ కూతలు వింటూ ఉండగా, నాకు దగ్గర్లోని ఒక వారపత్రికలో ఉద్యోగం దొరికింది. హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఫోన్లో జనం చెప్పే క్లాసిఫైడ్ ప్రకటనలు టైపు చేయడం ఆ పని.

మా సూపర్‌వైజర్ మొదటిరోజే నియమాలు చెప్పింది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయాలి. సలహాలివ్వకూడదు. ఒకరి సంగతి ఇంకొకరికి చేరవేయకూడదు. బందరులో పుట్టి పెరిగిన మనిషికి ఈ మూడూ కష్టమే. అయినా తలూపాను.

పాత సోఫాలు, కుక్కపిల్లలు, గడ్డి కోసే యంత్రాలు, వీటితో నాకు పేచీ లేదు. నన్ను కంగారు పెట్టింది సంగీతం వాళ్ళ కాలమ్. గిటారు వాయించేవాడు కావాలని ఎవరూ ఫోన్ చేయరు. వాళ్ళు ఇంటికొకరు ఉన్నట్టున్నారు. అందరికీ కావలసింది డ్రమ్మరే, ఆ డ్రమ్మర్ మామూలుగా ఉంటే సరిపోదు. ఒక బ్యాండుకి గడ్డం ఉన్నవాడే కావాలి. లేకపోతే, పెరిగేదాకా ఆగుతారట. ఇంకొకళ్ళు చెవులు చిల్లులు పడేట్టు వాయిస్తారట, కానీ రిహార్సల్ జరిగేది గాయకుడి తల్లిగారి కారు షెడ్డులో కాబట్టి డ్రమ్మర్ నెమ్మదస్తుడై ఉండాలి. మకరరాశివాళ్ళు వద్దే వద్దని ఒక కుర్రాడు గట్టిగా చెప్పాడు. నక్షత్రం, పాదం కూడా రాయమంటావా నాయనా అని నోటిదాకా వచ్చింది. సొంత వాద్యం, సొంత వ్యాను ఉండాలి. తాగుడు అలవాటు ఉండకూడదు. ఇదివరకటి బ్యాండుతో తెగతెంపులు మర్యాదగా జరిగి ఉండాలి. నా పెళ్ళికి మావాళ్ళు పేపర్లో వేయించిన ప్రకటన వీటిముందు ఎంతో ఉదారంగా కనిపించింది.

ఈ సంగతులన్నీ రోజూ అన్నం దగ్గర మా ఆయనకు చెప్పేదాన్ని. నియమం ప్రకారం అది కూడా తప్పే. కానీ మొగుడికి చెప్పడం చేరవేయడం కిందికి రాదని నా వాదన. మూడేళ్ళ క్రితం పుట్టిన సాఫ్ట్‌వేర్‌లో పదేళ్ళ అనుభవం అడిగే ఉద్యోగ ప్రకటనలు చదివీ చదివీ వాడిపోయిన మనిషి, డ్రమ్మర్ల కష్టాలు విన్నాక కాస్త తేరుకునేవాడు.

అలాంటి రోజుల్లో ఒకాయన ఫోన్ చేశాడు. పెద్దవయసు గొంతు. పాత పాటలు వాయించే బ్యాండు, శనివారాలు ఒక పబ్‌లో ప్రోగ్రాం, తను గిటారు, పాట రెండూ చూసుకుంటాడు. నన్ను ప్రతి వాక్యానికీ “లవ్” అని పిలిచాడు. ఈ దేశంలో బస్సు డ్రైవరూ అలాగే పిలుస్తాడని అప్పటికి తెలుసు కనుక ఉలిక్కిపడలేదు. డ్రమ్మర్ కావలెను, అన్నాడు, పాట మధ్యలో గాయకుడి వంక అలా చూడనివారై ఉండాలి.

అలా అంటే ఎలా అని అడిగాను. చదవాల్సినవాళ్ళకు తెలుస్తుంది, నువ్వు రాయి లవ్ అన్నాడు. రాశాను.

మరుసటివారం మళ్ళీ చేశాడు. ఎవరూ దొరకలేదు, పైగా షరతులు పెరిగాయి. నెమ్మది పాటల్లో ఆపిల్ తినరాదు. వ్యాను కిటికీ గురించి వాదించరాదు. తాళం తప్పిందని ప్రోగ్రాం అయ్యాక ఇంటిదాకా గుర్తుచేస్తూ రాకూడదు. ఆ పై వారం ఇంకొకటి చేర్చాడు: పెన్రిత్‌లో అక్క ఉన్నవారు దరఖాస్తు చేయవద్దు.

అక్కడ నా వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. పెన్రిత్ అంటే సిడ్నీకి పడమటి శివారు. డ్రమ్ములకీ అక్కలకీ ఏం సంబంధం? ఇది ఉద్యోగ ప్రకటన కాదు, ఇంటి గొడవ. పెళ్ళాం అలిగి అక్కగారింటికి వెళ్ళిపోయింది, ఆవిడే డ్రమ్మర్, ఈయన ఆవిడతో పత్రిక ద్వారా మాట్లాడుతున్నాడు.

ఇంకెవరికైనా ఇంత త్వరగా తెలిసేది కాదేమో. నేను అలాంటి ఇంట్లోనే పెరిగాను. మా అమ్మానాన్నలకు మాటలు లేని రోజులు ఉన్న రోజులకన్నా ఎక్కువ. హాల్లో కూర్చుని నాన్న నాతో అనేవాడు, ఇవాళ ఈ ఇంట్లో అన్నం పెట్టే ఉద్దేశం ఉందో లేదో కనుక్కో అని. వంటింట్లో అమ్మకి అంతా వినబడేది. అయినా నేను వెళ్ళి చెప్పేదాకా వినబడనట్టే ఉండేది. నేను ఆ మాటని దారిలో మార్చేసేదాన్ని. నాన్నకి ఆకలేస్తోందట అనేదాన్ని. ఆ నాలుగడుగుల దూరంలో నేను చేసినంత అనువాదం ఏ పండితుడూ చేసి ఉండడు.

ఆ వారం పత్రిక బజార్లోకి వచ్చిన మర్నాడే ఒకావిడ ఫోన్ చేసింది. డ్రమ్మర్ లభించును, రాసుకో, అంది. గిటారు శ్రుతి చేసుకోవడానికి అరగంట తీసుకునేవాళ్ళు, దారి తప్పినా ఎవర్నీ అడగనివాళ్ళు, ఎంత వాయించినా బాగుందనే మాట నోట రానివాళ్ళు ఫోన్ చేయనక్కర్లేదు. నంబరు అడిగితే పెన్రిత్‌లో వాళ్ళ అక్కగారిది ఇచ్చింది. నేను హెడ్‌ఫోన్ సర్దుకునే మిషతో కాసేపు మొహం పక్కకి తిప్పుకున్నాను.

తరవాతి వారాలు నా జీవితంలో బహు సంతోషకరమైనవి. ఆయన, గిటారు శ్రుతిని గౌరవించేవారై ఉండాలని వేయించాడు. ఆవిడ, చెవులు పనిచేసే గాయకుడు కావాలని వేయించింది. మా సూపర్‌వైజర్ ఆ కాలమ్ చూసి ఈ ఊళ్ళో సంగీతం బాగా పెరిగిందని మురిసిపోయింది. మా ఆయన మాత్రం పెరుగన్నం కలుపుకుంటూ తేల్చేశాడు.

“నీ క్లయింట్‌కి ఏం వద్దో తెలుసు, ఏం కావాలో చెప్పట్లేదు. మా ప్రాజెక్టుల్లోనూ ఇదే ప్రాబ్లం. రిక్వైర్‌మెంట్ చెప్పకుండా కంప్లైంట్స్ చెప్తారు.”

తరవాత ఆవిడ చేసిన ఫోన్‌తో నా నవ్వు ఆగిపోయింది. తన ప్రకటనకి జవాబిచ్చింది గడ్డం బ్యాండు ఒక్కటేనట. పైగా పెన్రిత్‌లో అక్కగారికి, డ్రమ్ములు పెట్టిన షెడ్డు ఖాళీ చేసివ్వాలట. ఈ వారం పత్రికలోనూ ఏమీ లేకపోతే, వచ్చేవారానికి డ్రమ్ముల సెట్టుని అమ్మకాల కాలమ్‌లో వేసేయమంది. ఇక వాయించనని, ఆ ఊరే వదిలి వాళ్ళ అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతానని చెప్పింది. ఏడవలేదు. సోఫా అమ్మేవాళ్ళు కొలతలు చెప్పినట్టు డ్రమ్ముల కొలతలు చెప్పింది. ఆవిడ మామూలుగా మాట్లాడేకొద్దీ నాకు భయం వేసింది.

మర్నాడు ఆయన ఫోన్. ఈ వారం పత్రికకు అదే ఆఖరి రోజు. వారం వారం చెప్పినట్టే హుషారుగా, ఇంకో షరతు రాసుకో లవ్, అన్నాడు. ఆవిడ చెప్పింది ఆయనకి చెప్పకూడదు. సలహా ఇవ్వకూడదు. సూపర్‌వైజర్ పక్క బల్ల దగ్గరే టీ తాగుతోంది.

“సర్, ప్రకటన మొత్తం ఒకసారి చదివి వినిపిస్తాను,” అన్నాను. చదివి వినిపించడం నియమాల్లో ఉన్నదే. అన్ని వారాలవీ వరసపెట్టి చదివాను. చూడరాదు, తినరాదు, వాదించరాదు, గుర్తుచేయరాదు, చేయవద్దు.

“ఇందులో రావద్దనే ఉంది సర్, రమ్మని ఎక్కడా లేదు,” అన్నాను.

అయితే నువ్వే ఏదైనా మంచిగా రాసిపెట్టు, నాకు అలాంటివి చేతకావు, అన్నాడు. నిజం చెప్పాలంటే నా దగ్గర వాక్యం సిద్ధంగా ఉంది. చిన్నప్పటినుంచి చేసిన పనేగా. రెండు ముక్కలు టైపు కూడా చేశాను. చేసి, తుడిచేశాను.

“మీరు చెప్పిందే నేను రాయాలి సర్.”

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఫిర్యాదు చేస్తాడనీ, నా ఉద్యోగం కూడా ఊడితే ఇద్దరం కూర్చుని కుక్కర్ కూతలు వినాల్సిందేననీ అనుకున్నాను. మధ్యాహ్నం దాటాక మళ్ళీ మోగింది. ఈసారి లవ్ లేదు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పాడు: డ్రమ్మర్ కావలెను. మాతో వాయించినావిడంత బాగా వాయించేవాళ్ళను నేను చూడలేదు. ఆవిడే కావాలి.

ఫోన్ నంబరు వేయమంటారా అని అడిగాను. ఆవిడకి తెలుసు, అన్నాడు.

పత్రిక వచ్చిన రోజు నేను పొద్దుటినుంచీ టీకి కూడా లేవలేదు. పదకొండింటికి ఆవిడ గొంతు వినబడింది. ప్రకటన గురించి ఒక సంగతి తెలుసుకోవాలంది. ఎవరి ప్రకటన అని నేను అడగలేదు.

“ఆ మాటలు ఆయన చెప్పినవేనా? లేక మీ ఆఫీసులో ఎవరైనా రాసిపెట్టారా?”

మా అమ్మ కూడా సరిగ్గా ఇదే అడిగేది. గరిటె పక్కన పెట్టి నా మొహంలోకి చూసి, ఈ మాట మీ నాన్న అన్నాడా, నువ్వు అంటున్నావా అనేది. నాన్నే అన్నాడని నేను ప్రతిసారీ చెప్పేదాన్ని. ఆవిడ ప్రతిసారీ అబద్ధం కనిపెట్టేసేది. అన్నం వడ్డించేది కానీ హాల్లోకి వచ్చేది కాదు. తియ్యటి మాటలన్నీ నావేనని తెలిసిన మనిషి ఎవరికోసం వస్తుంది?

“ఆయన చెప్పినవేనండి,” అన్నాను. “ఒక్క ముక్క కూడా నాది కాదు.”

ఆవిడ డ్రమ్ముల అమ్మకం ప్రకటన ఆపేయమంది. నేను అక్కడే, సూపర్‌వైజర్ చూస్తుండగానే, హెడ్‌ఫోన్‌తో సహా ఏడ్చేశాను.