వాల్వు కిందికి వచ్చెనా?

ఈ రోజు మా అమ్మాయి సైకిలు చక్రం బిగుసుకుపోతే, వాకిట్లో తలకిందులుగా నిలబెట్టి విప్పాను. కిరసనాయిలు వాసనకు నాయన గుర్తొచ్చాడు.

మీ ఇండ్లలోనూ సొట్టల సత్తుగిన్నెలో కిరసనాయిలు పోసి బేరింగు గుండ్లు కడిగేవాళ్ళు కదా? నాయన వాటికి గ్రీజు పూసి, ఇరుసు మీది కోను బిగించి, మళ్ళీ రవ్వంత వెనక్కి తిప్పేవాడు. చక్రాన్ని వదిలితే గాలి కొట్టే వాల్వు తన బరువుకు తానే కిందికి దిగాలి. దిగకపోతే ఇంకా బిగువుగా ఉన్నట్టే.

"తొక్కేదానివి నువ్వు. నువ్వే చూసి చెప్పు పాపా, వచ్చెనా?" అనేవాడు.

నేను "యాడ నాయనా, రాలా" అంటే, విసుక్కోకుండా మళ్ళీ విప్పేవాడు. మా ఇంట్లో నా మాట మొదట చెల్లింది ఆ చక్రం దగ్గరే.

ఇందాక నేను చక్రం బిగించి వదిలితే, వాల్వు ఊగి ఊగి కిందికొచ్చి నిలిచింది. పక్కన మా అమ్మాయి ఉందన్న సంగతే మరిచి, "వచ్చె నాయనా!" అని గట్టిగా అనేశాను.