సముద్రంల షాట్ చప్పుడు

మా ఆయన మందమర్రి బొగ్గుబాయిల షాట్‌ఫైరర్. బొగ్గుగోడకు బెజ్జాలు ఏపిచ్చి, అండ్ల మందు కూరి, అందర్ని దూరం పంపి పేల్చుడు ఆయన పని. ఆ పేలుడునే బాయిల షాట్ అంటరు. ఇరవై ఏండ్లు అదే జేసిండు. ఇంట్ల కూసున్నా చెవి ఒకదిక్కు ఒగ్గే ఉండేది. సరిగ ఇనరాక మాట గట్టిగ మాట్లాడేటోడు గని మనిషి మెత్తన.

నేను మిషన్ బడిల టీచర్ని. మా అక్క నర్సు. మిషన్ దవాఖానోళ్లు ఆమెను తమిళం మాట్లాడే దిక్కు, సముద్రం ఒడ్డున ఒక చేపలోళ్ల ఊరికి పంపిన్రు. పెండ్లి జేసుకోలే, అక్కడ్నే ఉండిపోయింది. ప్రతి క్రిస్మస్‌కు ఉత్తరం రాసేది. "ఇక్కడ నీళ్ల కింద తోటలున్నయి. మరిదిని తీసుకొని ఒక్కసారి రారాదూ" అని. ఎనభైలల్ల ఒక ఎండకాలం సెలవులకు పోయినం. మంచిర్యాలల రైలెక్కి మూడోనాడు దిగినం.

అక్క ఒక పడవాయనను మాట్లాడిపెట్టింది. పెద్దమనిషి. ఎడమచెయ్యి మణికట్టు కాడికి లేదు. ఆ గాయానికి కట్లు గట్టింది అక్కనేనట. మా ఆయన ఆ చెయ్యి దిక్కు ఒక్క చూపు చూసి మొఖం తిప్పుకున్నడు. బాయిపనోళ్లకు గసుంటి చేతులు కొత్తగాదు.

ఒడ్డుకు దూరం పోయినంక పడవాయన ఒక కట్టెడబ్బ తీసిండు. దాని అడుగున అద్దం బిగించి ఉన్నది. అది నీళ్ల మీద ఆనిచ్చి లోపటికి చూడాలె. ముందుగాల మా ఆయన వంగిండు. వంగినోడు లేస్తలేడు.

"నన్ను గూడ చూడనియ్యరాదూ" అన్న.

"ఆగవే జర!"

ఎట్లనో డబ్బ గుంజుకొని చూసిన. దుప్పికొమ్ముల లెక్క కొమ్మలు, గోబిపువ్వసుంటి గడ్డలు, పళ్లాలు పేర్చినట్టు పలకలు. ఒకటి ఊదరంగు, ఒకటి ఇటుకరంగు, ఇంకొకటి లేత చింతాకు రంగు. వాటి సందులల్ల పసుపు చారల చేపలు ఏ తొందర లేకుంట తిరుగుతున్నయి.

"వదినె, ఇవి చెట్లా, రాళ్లా?" అని అడిగిండు మా ఆయన.

"రెండూ గాదు మరిదీ. పగడపు పురుగులు. గింజంత ఉంటయి. అవి కట్టుకున్న ఇండ్లే గీ దిబ్బంత."

"ఎన్నేండ్లు పట్టిందో?"

అక్క తమిళంల అడిగింది. పడవాయన నవ్విండు. ఆయన తాతకు తాత పుట్టకముందే ఉన్నయట.

ఇంకో దిక్కు తీస్కపోయిండు. అక్కడ అద్దం కింద రంగు లేదు. పశువుల బొక్కలు కుప్పవోసినట్టు తెల్ల ముక్కలు, మీద బురద. నేను డబ్బ మీదికి తీసిన. సున్నం బట్టీలకని గీ రాళ్లను పడవలకు పడవలు తవ్వుకపోయిన్రని, ఒడ్డున చెట్లు కొట్టేసినంక మట్టి కొట్టుకొచ్చి మీద పడ్తున్నదని పడవాయన చెప్తుంటే అక్క తెలుగుల చెప్పింది. అప్పుడే 'ధుమ్'మన్నది. చెవికంటె కాళ్లకే ఎక్కువ తెలిసింది. పడవ పలకలు వణికినయి.

"షాట్" అన్నడు మా ఆయన. చెవులు సరిగ ఇనరాని మనిషి అందరికంటె ముందు అన్నడు.

పడవ అటు తిప్పమన్నడు. మేము పోయేవరకు రెండు చిన్న పడవలోళ్లు తేలిన చేపలను బుట్టలతోని దేవుతున్నరు. మమ్మల్ని చూసి జల్ది జల్ది ఎల్లిపోయిన్రు. అద్దంలకెళ్లి చూస్తే ఇప్పుడే ఇరిగిన కొమ్మలు. ఒక చేప ఒక్క జాగలనే గిరగిర తిరుగుతున్నది. కింద చచ్చినయి పరుచుకొని ఉన్నయి. తేలేటియి కొన్నే, మునిగేటియే ఎక్కువన్నడు పడవాయన.

"గీ మందు యాడికెళ్లి వస్తది వీళ్లకు?" మా ఆయన అడిగిండు.

అక్క అడిగి చెప్పింది. "రాళ్ల క్వారీలకెళ్లి, గనులకెళ్లి. లోపట పనిజేసేటోళ్లే దొంగతనంగ తెచ్చిస్తరట." అన్నంక నాలిక కర్సుకున్నది.

పడవాయన మొండిచెయ్యి పైకెత్తి ఏదో అన్నడు. అది అక్క మెల్లగ చెప్పింది. "నేను గూడ మందు ఏసినోన్నే అంటుండు. చెయ్యి పోకపోతే ఇంకా ఏస్తనే ఉందునట."

మా ఆయన పడవను ఒడ్డుకు తిప్పమన్నడు. ఉన్న నాలుగు రోజులు మళ్ల పడవెక్కలే.

తిరిగి వస్తుంటే, వరంగల్ దాటినంక, కిటికీ దిక్కు చూసుకుంటనే అన్నడు. "మన పెండ్లి విందుల చేపలు యాదికున్నయా?"

ఎందుకుండయి? రెండు గంపల చేపలొచ్చినయి. మావోళ్లు ఏండ్లకేండ్లు చెప్పుకున్నరు. "మీ అన్న గోదావరి మడుగుల పట్టిండంటివి గద?"

"వలతోని పట్టలే. మందు నేనిచ్చిన. బాయిలకెళ్లి దాసితెచ్చి మూడు ఎండకాలాలు ఇచ్చిన. నాలుగో ఏడు ఆ మడుగుల చేప లేదు. అన్న కింది మడుగుకు పోయిండు."

"తెల్వక జేసినవు, పోనియ్యి" అన్న.

"తెల్వకపోవుడేంది? మందు ఏం జేస్తదో నాకు తెల్వకపోతే ఇంకెవలకు తెలుస్తదే?"



ఇంటికొచ్చిన వారానికే వాళ్లన్న ఊరికి పోయి, గోదావరిల మందు ఏసుడు బందు జేయమన్నడు. "నీ మందు గాకపోతే ఇంకోని మందు. గోదావరికి నువ్వు కావలున్నవా?" అని అన్న నలుగుట్ల నవ్విండు. గప్పటి సంది ఆ ఇంటోళ్లు మా గడప తొక్కలే. మా ఆయన మందు పని ఇడిసిపెట్టి బాయి మీద, లోపటికి దిగేటోళ్లకు దీపాలిచ్చే గదిల పని అడుక్కున్నడు. పానం మీద భయం పట్టుకున్నదని తోటోళ్లు అనుకున్నరు. అననిచ్చిండు.

తొంబైలు అయిపోవస్తుంటె అక్క ఉత్తరం వచ్చింది. అప్పటికి ఆయనకు దమ్ము, ఊపిరి సరిగ ఆడకపోయేది. పని బందయి అరుగు మీదనే కూసుంటుండె. నేను సదివి వినిపించిన. ఆ ఏడు దిబ్బంత రంగు పోయి తెల్లగయిందట, పురుగులు చస్తున్నయట. బాంబులతోని గాదట, నీళ్లే ఉడుకెక్కినయట. లోకమంత బొగ్గు, పెట్రోలు కాలుస్తున్నందుకే గిట్లయితున్నదని దిబ్బను చూడొచ్చిన కాలేజీ సార్లు చెప్పిన్రట. పడవాయన డబ్బల చూసి పడవ తిప్పిండట.

"బొగ్గు అని రాసిందా?"

"రాసింది."

"మళ్ల సదువు."

సదివిన. మొదటి షిఫ్టు దిగినోళ్లు టిఫిన్ డబ్బలు పట్టుకొని మా ముందటికెళ్లి పోతున్నరు. వాళ్లు మలుపు తిరిగేదాక చూసిండు.

"వదినె నన్ను అనాలని రాయలే గదా?"

"ఆమె ఎందుకంటది? విన్నది రాసింది."

"మరి ముప్పై ఏండ్లు నేనేం జేసినట్టే?"

"పిల్లల్ని సాదినవు" అన్న. అది నిజమే. ఆయన తల ఊపిండు గని, ఆయన అడిగింది అది గాదని నాకు తెలుసు.

జవాబు రాసి, కింద వదినెకు రెండు మాటలు రాయమని కార్డు ఇచ్చిన. ఎప్పుడూ రాసేటోడే. పెన్ను మూత తీసి, మళ్ల పెట్టిండు. నువ్వే రాయి అని తిరిగిచ్చిండు.

నెలకు అక్క మళ్ల రాసింది, మరిది రాయలేదేంది, పానం మంచిగలేదా అని. దమ్ము ఎక్కువైందని రాసిన. నిజంగ గూడ ఎక్కువైంది.