దసరా బొట్టు పెట్టిన గొట్టం

జనగామలో మా ఇంట్లో దసరా నాడు పనిముట్లన్నీ కడిగి, వరుసగా పెట్టి పసుపు కుంకుమ పెడతారు. నాగలి, కొడవలి, గొడ్డలి, బాపు సైకిలు. మా ఇంట్లో నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. ఎనభైల మొదట్లో ఒక దసరాకు నాకు తెలియకుండా ఆ వరుసలో నా క్వార్ట్జ్ గొట్టం కూడా చేరింది. వేలెడంత పొడవు, నాలుగు పలకలు, నీళ్లంత తేట. ప్రయోగశాలలో కొలవాల్సిన ద్రవాన్ని ఇందులో పోసి యంత్రంలో పెడతారు. పీహెచ్‌డీ ముగించినప్పుడు మా గైడు ఇచ్చిన కానుక.

నా పనేమిటో ఇంట్లో చెప్పేసరికి తల ప్రాణం తోకకు వచ్చేది. కొన్ని పదార్థాలు కంటికి కనపడని వెలుగును తీసుకుని రంగు వెలుగుగా తిరిగిస్తాయి. దాన్ని ప్రతిదీప్తి అంటారు. ఆ వెలుగును కొలవడం, ఆ వెలుగులోనే సూక్ష్మదర్శినిలో జీవకణాలను చూడటం నేను నేర్చిన విద్య. మానుకోటలో గానీ భూపాలపల్లిలో గానీ దాన్ని అడిగేవాడెవడు? హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక ఉద్యోగం ఒకటికి ప్రకటన పడింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి నాకు ఒక ఏడు పోయింది. ఆ ఏడే ఇప్పుడు వయోపరిమితి దగ్గర కాలికి అడ్డం పడింది. ఇది తప్పితే మళ్లీ దరఖాస్తు పెట్టుకునే అర్హత కూడా లేదు.

పండుగ కాగానే ఇంటర్వ్యూ. గొట్టాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోమన్నారు. ముందు వట్టి ఆల్కహాలు పోసి కొలవాలి. అది వెలగదు కాబట్టి యంత్రంలోని పెన్ను కాగితం మీద చదునైన గీత గీయాలి. నా గొట్టం పెట్టగానే పెన్ను పైకి లేచింది. లేచిన చోటు సరిగ్గా పసుపు వెలిగే చోటు; కంటికి కనపడనంత ఉన్నా పసుపు ఆల్కహాలులో కరిగి వెలుగుతుంది.

"పసుపు సార్. దసరాకు మా అవ్వ బొట్టు పెట్టినట్టుంది," అన్నాను.

"పెట్టినట్టుందా? వంటింట్లోంచి తిన్నగా ఇటే వచ్చేశారేంటండీ?" అన్నాడు ఇంటర్వ్యూ చేసేవాళ్లలో ఒకాయన, నా యాస పట్టి సాగదీస్తూ. అందరూ నవ్వారు. ఇంకోసారి కడిగి చూపిస్తానంటే, బయట చాలామంది ఉన్నారు, వెళ్లొచ్చన్నారు.

ఇంటికి వచ్చి అవ్వను అడిగాను.

"పెట్టిన బిడ్డా. నువ్వు లొల్లి చేస్తవని మళ్ల కొంగుతోటి మంచిగ తుడిచిన. జర గూడ మరక లేకుంట పోయింది. ఏంది, పని గాలేదా?"

"కాలేదవ్వా. వేరేటోళ్లను తీసుకున్నరు."

కంటికి మరక లేదన్నది నిజమే. కోపంతో ఒళ్లు మండిపోయింది, కానీ ఆ ముఖం చూస్తూ ఎవరి మీద చూపించను?

తర్వాత మానుకోటలో ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే పనిలో చేరాను. మరుసటి దసరాకు అవ్వ గొట్టాన్ని వరుసలో పెట్టి, పసుపు గిన్నె పట్టుకుని ఆగింది.

"పెట్టాల్నా, వద్దా?"

"పెట్టు అవ్వా. ఇగ దాంతోటి నాకు పనేం లేదు."

ధైర్యం చెప్పాననుకున్నాను. అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. పని లేని దానికి మా ఇంట్లో బొట్టు పెట్టరు. గొట్టాన్ని వరుసలోంచి తీసి గూట్లో పెట్టి, కొడవలికి బొట్టు పెట్టింది.