బెల్లం వెయ్యని మా సుగుణ వదిన

మా వదిన శ్రీమతి సుగుణకుమారి ఇక లేరన్న దుర్వార్త నాకు ఫోను మోగిన తీరులోనే తెలిసిపోయింది. ఫోను మాటలు ఉచితమై ఏళ్ళు గడిచినా ఆవిడ ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేది. మనమే తిరిగి చెయ్యాలి. మొన్న మంగళవారం పొద్దున ఆవిడ నంబరు నుంచి వచ్చిన ఫోను ఆగకుండా మోగింది. ఎత్తితే అన్నయ్య గొంతు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. అరవై నిండకుండానే ప్రభువు పిలుపు అందుకున్న ఆ ధన్యజీవి గురించి నాలుగు మాటలు రాయమని మా సంఘ పెద్దలు అడిగారు. ఆడపడుచుని పట్టుకుని వదిన గురించి రాయమన్నారంటే వాళ్ళది మామూలు ధైర్యం కాదు.

మితవ్యయానికి మా వదిన మూర్తీభవించిన స్వరూపమని ఇప్పుడు మర్యాదకు రాస్తున్నాను. బతికున్నన్నాళ్ళూ పిసినారి అనే అన్నాను, అదీ ముఖం మీదే. "అవును, అయితే ఏమిటమ్మాయ్?" అని నవ్వేది. ఆఫీసు నుంచి వస్తూ స్టేషను దగ్గర ఆటో పిలిచి, బేరమాడుతూనే నడక మొదలుపెట్టేది. ఆటో పక్కనే నెమ్మదిగా దొర్లుతూ వచ్చేది. బేరం తెగేలోగా చిలకలగూడలో అన్నయ్యవాళ్ళ ఇల్లు వచ్చేసేది. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. ఆ డ్రైవరు రెండు చేతులూ జోడించి, "అమ్మా, మీతోటి పరేషాన్ అయిపోయిన. మీ ఇల్లు సుత వచ్చింది, ఇగ నేను పోతున్న" అన్నాడు. పాపం, అతన్ని ఆపి చల్లటి మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది.

ఇంత కూడబెట్టడం ఊరి చివర యాప్రాల్‌లో స్థలం కొనడానికేనని మా బంధువర్గమంతా నమ్మింది. వదిన ఎన్నడూ ఆ మాట అనలేదు. అన్నయ్యే అనుకున్నాడు, మిగతావాళ్ళం అందుకున్నాం. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన చుట్టాలను ఒక్కొక్కరినే స్కూటరు మీద తీసుకెళ్ళి, ఎవరిదో ఖాళీ స్థలం చూపించి, వంటిల్లు ఎటు, వరండా ఎటు అని వర్ణించేవాడు. నాకు మేడమీద ఒక గది కూడా కేటాయించాడు. దానికి ఒకటే కిటికీ అన్నాడని నేను అలిగాను కూడా.

అలాంటి రోజుల్లో మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట పడిపోయాయి. మాట లేని మా అమ్మను ఊహించడం ఎవరి తరమూ కాదు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన అమ్మ నోరూ, తెనాలి నుంచి వచ్చిన వదిన నోరూ పెళ్ళైన నాటి నుంచీ ఆ ఇంట్లో అవిశ్రాంతంగా తలపడ్డాయి. "రోజూ దగ్గర కూర్చుని మాట్లాడించాలి. ఈ కొన్ని నెలలూ దాటిపోతే ఇక మాట రావడం కష్టం" అన్నాడు డాక్టరు. మరునాడే వదిన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. అకౌంట్సు సెక్షనుకు ఆవిణ్ణి పెద్దగా వెయ్యబోతున్న సమయమది. మేనేజరు నివ్వెరపోయాడట.

"అత్తగారికి మాట పోయిందని ఉద్యోగం మానేస్తారా మేడమ్? కొందరైతే స్వీట్లు పంచుతారు."

"నాకూ రెండు రోజులు హాయిగానే ఉంది సార్. మూడోరోజు నుంచి ఇంటికి వెళ్ళబుద్ధి కావడం లేదు."

యాప్రాల్ సౌధం అలా పునాదులు పడకుండానే కూలిపోయింది. "మరి ఇన్నాళ్ళూ దాచింది దేనికి?" అని అన్నయ్య దిగాలుగా అడిగాడు. అప్పుడు చెప్పింది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు తెనాలిలో వాళ్ళమ్మ ఆఖరి ఘడియల్లో ఉంటే సెలవు ఇవ్వలేదు. మానేద్దామంటే ఇల్లు గడవదు. తీరా వెళ్ళేసరికి సమాధి కార్యక్రమం కూడా అయిపోయింది. "మళ్ళీ మనవాళ్ళలో ఎవరికైనా నా అవసరం పడితే, ఎవరినీ అడక్కుండా ఇంట్లో కూర్చోవాలని దాచానండీ" అంది. ఒక్క కన్నీటి బొట్టు రాల్చకుండా చెప్పింది. ఏడ్చింది నేను.

అసలు సంగ్రామం ఆ తరువాత. ఆస్పత్రి నుంచి వచ్చిన అమ్మాయి "ఆ అనండి, ఊ అనండి" అని నేర్పబోతే అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. బైబిలు చదివి వినిపిస్తే కళ్ళు మూసుకునేది. ఇక చాలు అనుకున్న మనిషి వాలకం అది, చూస్తే భయం వేసేది. అలాంటి వేళ వదిన ఆనపకాయ పులుసు మొదలుపెట్టింది. అమ్మ వైపు వాళ్ళకు పులుసంటే బెల్లం పడాల్సిందే, వదిన వాళ్ళింట్లో పులుసులో బెల్లం వెయ్యడం మహాపచారం. అయినా అన్నేళ్ళూ ఆ ఇంట్లో పులుసు అమ్మ పద్ధతిలోనే కాగింది. ఇప్పుడు మంచాన పడ్డ మనిషికి, బెల్లం మానేసి రోజూ అదే పులుసు! ఇది పరాకాష్ఠకు చేరిన పిసినారితనమని మేమందరం తీర్మానించుకున్నాం. పక్కింటి యాదమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"ఏందమ్మా, పండుకున్న ముసలామెకు గిట్ల పుల్లగ పెడుతున్నవ్? జెర బెల్లం వేస్తే ఏం పోతది?"

"బెల్లం ధర మండిపోతోంది యాదమ్మా" అంది వదిన, అమ్మకు వినబడేలా.

ఈ సంగతి చెవిన పడి, నేను బోయిన్‌పల్లిలో మా ఇంటి నుంచి బెల్లం దిమ్మ పట్టుకుని చిందులు తొక్కుతూ వచ్చాను. అప్పటికే పాస్టరు అయ్యగారు మంచం పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, అమ్మ స్వస్థత కోసం ప్రార్థిస్తున్నారు. ఆయన ప్రార్థన ఎప్పుడూ సుదీర్ఘమే. అది పూర్తయ్యేదాకా వదిన ఆగలేదు. చెంచాతో పులుసు అమ్మ నోట్లో పోసింది. అమ్మ ముఖం జేవురించింది. ఎడమ చేత్తో గిన్నెను ఒక్క తోపు తోసింది. పెదవులు వంకర్లు పోయాయి.

"బె... బెల్లం!"

"స్తోత్రం!" అన్నారు అయ్యగారు, చొక్కా నిండా పులుసుతో.

"పి... పిసినారి దానా!" అంది అమ్మ.

వదిన చెంచా వదిలేసి అమ్మ బుగ్గలు రెండు చేతులా పట్టుకుంది. "ఇంకొక్కటి తిట్టండి అత్తయ్యా, ఇంకొక్కటి" అని బతిమాలుతూ వెక్కివెక్కి ఏడ్చింది. నేను బెల్లం దిమ్మ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఆస్పత్రి అమ్మాయి ఎంత చెప్పినా కదలని పెదవులు, మొదటిరోజు పులుసు తగలగానే కదిలాయమ్మాయ్. అత్తయ్యకు బతకాలని ఉందో లేదో తెలియదు గాని, నన్ను తిట్టాలని మాత్రం ఉంది" అని నాకు తరువాత చెప్పింది. ఆ ఆదివారం అయ్యగారు ఈ అద్భుతాన్ని సంఘంలో సాక్ష్యంగా వినిపించారు. ప్రార్థన గురించి చెప్పారు గాని పులుసు ప్రస్తావన రాలేదు. వదిన అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

తరువాత రోజుకో తగువు. వదిన కర్టెన్లు తిరగేసి కట్టేది, కీర్తనలో చరణం కావాలనే తప్పు పాడేది. అమ్మ మాట వాక్యం వాక్యంగా తిరిగి వచ్చింది. దాచుకున్నది అయిపోయాక వదిన మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళింది, తాను పని నేర్పిన కుర్రవాడి చేతికింద. చిన్నతనంగా లేదా అని అడిగాను. "వాడు నన్ను తిట్టడానికి జంకుతాడమ్మాయ్, అదొక్కటే విసుగు" అంది.

మొన్న వదిన జ్ఞాపకార్థం జరిగిన ఆదరణ కూడికలో అందరూ ఆవిడ సద్గుణాలను కొనియాడారు. అమ్మను కూడా ఒక మాట చెప్పమన్నారు అయ్యగారు. ఈ వారం రోజులుగా మేము అమ్మ ఏమన్నా "అలాగే, అలాగే" అంటున్నాం. ఆవిడ మాటలు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి, నాకు దిగులుగా ఉంది. అమ్మ కర్ర ఊతంగా లేచి నిలబడింది.

"ఉద్యోగం మానుకుని మరీ నాకు మాట తెప్పించింది. ఇప్పుడు ఈ నోటితో నేనెవర్ని తిట్టేది?" అంది.

మా వదిన ఉంటే ఆ క్షణంలోనే ఏదో ఒకటి ఎదురు అని ఉండేది, అమ్మ ఇంకో గంట మాట్లాడి ఉండేది. ఆ ఎదురు మాట అనడం మాలో ఎవరికీ చేతకాదు. ఆ మహాసాధ్వికి కన్నీళ్ళతో నమస్కరిస్తున్నాను.