తెర బాబాయి

వేసవి నాటకాలు మొదలైతే, కాలనీ హాల్లో తెర తాడు బాబాయి చేతిలో ఉండాల్సిందే. పగలంతా కుట్టుమిషన్లు బాగుచేసి, సాయంత్రం కాగానే మెడలో తడి తువ్వాలుతో వచ్చి, తాడును మణికట్టుకు చుట్టుకుని, పక్కతెర చాటున పీట మీద కూర్చుంటాడు. వచ్చిన చిక్కల్లా ఒకటే: ఎన్నిసార్లు చూసిన నాటకమైనా ఆయనకు కొత్తే. మొన్న ఆఖరి రంగంలో రాజు చచ్చిపడ్డాడు. తెర పడదే! "బాబాయ్, తాడు!" అన్నాడు రాజు పడుకునే, పళ్ల బిగువున. బాబాయి తువ్వాల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. చివరికి రాజే లేచొచ్చి, "ఊరుకో బాబాయ్, బతికే ఉన్నాగా!" అని భుజం తట్టి, తనే తాడు లాగాడు. హాలంతా ఈలలు.

మర్నాడు బాబాయి బుద్ధిగా వేళకు తెర దించాడు. జనం ఒప్పుకుంటేనా! "రాజుని లేపండి!" అని ఒకటే గోల. తెర ఎత్తక తప్పలేదు, రాజు లేవకా తప్పలేదు. రాజు బతికాడన్న సంతోషంతో బాబాయి మళ్లీ ఏడుపు లంకించుకున్నాడు. ఇంక తెర దించేదెవరు?