ఎడమ వైపు నుంచి వచ్చిన పాస్‌లు

2011 జూన్. మా జట్టు స్టేడియం అడుగున, కిటికీలు లేని మీటింగ్ గదిలో అప్పటికి నాలుగు రోజులుగా కూర్చుని ఉన్నాం. గోడ నిండా తెల్లబోర్డు, దాని మీద అయస్కాంతంతో అతుక్కునే పేర్ల పట్టీలు. ఒక్కో పట్టీ మీద ఒక్కో పద్దెనిమిదేళ్ల కుర్రాడి పేరు. ఎవరిని పైకి జరపాలి, ఎవరిని కిందికి దించాలి అన్నదే వాదన.

హాకీ అంటే మన పాఠకులకు పచ్చిక మీద ఆడే ఆటే గుర్తొస్తుంది. నేను చెబుతున్నది స్కేట్లు వేసుకుని మంచు మీద ఆడే ఐస్ హాకీ. అందులో బంతి ఉండదు, పక్ అనే నల్ల రబ్బరు బిళ్ల ఉంటుంది. ఏటా జూన్ నెలాఖరున డ్రాఫ్ట్ జరుగుతుంది. జట్లన్నీ ఒకచోట చేరి, వంతులవారీగా ఒక్కో కొత్త కుర్రాణ్ణి ఎంచుకుంటాయి. ఏడు రౌండ్లు; మంచి పేరున్నవాళ్లు మొదటి రౌండ్లలోనే అయిపోతారు. ఒక జట్టు తీసుకున్న కుర్రాణ్ణి ఇంకో జట్టు ముట్టుకోవడానికి లేదు. అందుకని ఎవరిని తీసుకోవాలన్నది ఎంత ముఖ్యమో, ఏ రౌండ్‌లో తీసుకోవాలన్నదీ అంతే ముఖ్యం.

నేను చదివింది స్టాటిస్టిక్స్. పిస్కాటవే అనే ఊళ్లో ఉంటూ ఒక మందుల కంపెనీలో క్లినికల్ ట్రయల్స్ విశ్లేషణ చేసేదాన్ని. ఆ విభాగం మూతపడ్డాక, ఇంటి నుంచి గంటన్నర డ్రైవ్‌లో ఉన్న ఈ జట్టు వాళ్లు అనలిస్ట్ కావాలని ప్రకటన ఇస్తే అప్లై చేశాను. అప్పటికి ఒక్క హాకీ మ్యాచ్ కూడా పూర్తిగా చూడలేదు. ఇంటర్వ్యూలో ఆ మాటే చెప్పాను. “మంచిదే. నీకు ముందే నచ్చేసిన ఆటగాళ్లు ఎవరూ ఉండరు” అన్నాడు జనరల్ మేనేజర్ గ్రెగ్. డ్రాఫ్ట్‌లో ఎవరిని తీసుకోవాలో చివరి మాట అతనిదే.

ఆ గదిలో అందరికంటే పెద్దవారు వాల్ట్. మా హెడ్ స్కౌట్. స్కౌట్ అంటే ఊరూరా తిరిగి కుర్రాళ్ల ఆట చూసి రిపోర్ట్ రాసే మనిషి. చలికాలమంతా ఆయన కారులోనే గడిచేది. నేనంటే కోపం లేదు గానీ నా లెక్కలంటే నమ్మకం లేదు. “సుధా, నీ లాప్‌టాప్‌కి చలి తెలుసా?” అని ఆటపట్టించేవారు.

ఆ రోజు వాదన ఈథన్ అనే కుర్రాడి గురించి. మిన్నెసోటాలో ఒక చిన్న ఊరివాడు. కుడి అంచున ఆడే రైట్ వింగర్. డిసెంబర్ దాకా మొదటి రౌండ్‌లోనే పోతాడని అందరూ అనుకున్నారు. జనవరిలో ఒక మ్యాచ్‌లో ముఖానికి గట్టి దెబ్బ తగిలింది. వారం తర్వాత మళ్లీ ఆడాడు గానీ మునుపటి ఆట లేదు. అందిన పాస్‌లు వదిలేస్తున్నాడు. మార్చి వచ్చేసరికి మా బోర్డు మీద అయిదో రౌండ్‌కి జారిపోయాడు.

“సాఫ్ట్. ఒక్క దెబ్బకి బెదిరిపోయాడు. ఆ భయం పోయేది కాదు” అన్నారు వాల్ట్.

హాకీలో ‘సాఫ్ట్’ అంటే పిరికివాడని. ఆ మాట రిపోర్ట్‌లో ఒకసారి పడితే కుర్రాడి పని దాదాపు అయిపోయినట్టే.

నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. సీజన్‌లో అతను ఆడిన ప్రతి షిఫ్ట్ వీడియో తీసుకుని కూర్చున్నాను. షిఫ్ట్ అంటే ఆటగాడు మంచు మీదికి దిగి, మళ్లీ బెంచీకి వచ్చేదాకా ఉండే ముప్పావు నిమిషం. అతనికొచ్చిన ప్రతి పాస్‌నీ గుర్తుపెట్టాను: ఏ వైపు నుంచి వచ్చింది, ఎంత ఎత్తులో వచ్చింది, అందుకున్నాడా లేదా. బెదిరినవాడైతే మనుషులు మీద పడే చోట్లకి వెళ్లకూడదు. ఈథన్ వెళ్తున్నాడు. ఎదుటివాళ్లు గోడకేసి గుద్దుతున్నా పక్ వదలడం లేదు. కుడి వైపు నుంచి వచ్చిన పాస్‌లు ఎప్పటిలాగే అందుకుంటున్నాడు. జారవిడుస్తున్నవన్నీ ఎడమ వైపు నుంచి, మంచుకి ఆనుకుని వచ్చినవే. జనవరికి ముందు ఆ తేడా లేనే లేదు.

అది చూపిస్తే గ్రెగ్ భుజాలెగరేశాడు. “అయితే కారణమేంటి?”

సోమవారం దాకా గడువు అడిగాను.

ఆదివారం మా ఊరికి దగ్గర్లోని పార్సిప్పనీలో, మాకు బాగా తెలిసిన రాజేశ్వరి ఆంటీ ఇంట్లో భోజనం. ఆవిడ 1970లలో ఈ దేశానికి వచ్చిన కళ్ల డాక్టర్, రిటైరై రెండేళ్లయింది. భోజనాలయ్యాక కుర్రాడి పేరు చెప్పకుండా నా బొమ్మ చూపించాను. మధ్యలో ఆటగాడు, చుట్టూ పాస్‌లు వచ్చిన వైపు, ఎత్తు చూపే చుక్కలు: అందుకున్నవి నీలం, వదిలినవి ఎరుపు. సలహా అడగాలని కాదు, నా తిప్పలు చెప్పుకుందామని.

ఆవిడ కళ్లజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశారు.

“ఈ ఎర్రచుక్కలన్నీ అతనికి ఎడమ పక్కన, కింద వైపేనా?”

“అవునాంటీ. కాళ్ల దగ్గరికి వచ్చినవి.”

“ముందు మొహానికి దెబ్బేమైనా తగిలిందా?”

“జనవరిలో. మోచెయ్యి తగిలింది. ఎడమ కన్ను వాచింది, వారంలో తగ్గిపోయిందన్నారు.”

ఆవిడ లాప్‌టాప్ నా వైపు తిప్పేశారు. “సుధా, ఇది భయం కాదమ్మా. ఆ కంటికి ఆ మూల కనపడట్లేదు. దెబ్బకి రెటీనా అంచు ఊడితే కుర్రాళ్లలో ఇలాగే ఉంటుంది, మెల్లిగా నెలల తరబడి పాకుతుంది. సెంటర్ దాకా వెళ్లేవరకు వాళ్లకే తెలీదు. తెలిసేసరికి చూపు పోతుంది. నేను పేషంట్‌ని చూడలేదు కాబట్టి ష్యూర్‌గా చెప్పలేను. కానీ వెయిట్ చెయ్యొద్దు, రేపే చూపించమను.”

సోమవారం ఉదయం గదిలో ఈ మాట చెప్పాను. గ్రెగ్ కళ్లలో వెలుగు చూసి నాకు ఇబ్బందిగా అనిపించింది.

“ఆపరేషన్‌తో బాగవుతుందా?”

“త్వరగా చేస్తే బాగయ్యే అవకాశం ఉందన్నారు.”

“అంటే మొదటి రౌండ్ కుర్రాడు అయిదో రౌండ్‌లో దొరుకుతున్నాడు. ఎందుకు పడిపోయాడో మనకి తప్ప ఎవరికీ తెలీదు.” లేచి బోర్డు దగ్గరికి నడిచాడు. “డ్రాఫ్ట్‌కి ఇంకా పన్నెండు రోజులే ఉంది. ముందు తీసుకుందాం. ఆ మర్నాడే మన డాక్టర్‌కి చూపిద్దాం.”

“ఆ పన్నెండు రోజుల్లో కన్ను పోతే?”

“అయిదు నెలలుగా పోలేదు కదా. పైగా మీ ఆంటీ అతణ్ణి చూడలేదు, చుక్కల్ని చూసింది. ఇప్పుడు మనం ఫోన్ చేస్తే సాయంత్రానికి జట్లన్నిటికీ తెలిసిపోతుంది.”

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. గ్రెగ్ చెడ్డవాడేం కాదు, గెలవడం అతని ఉద్యోగం. ఈ గదిలో మాటలు బయటికి పోనివ్వనని నేను సంతకం పెట్టాను. నా గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు, హెచ్‌వన్ వీసా ఈ ఆఫీసు ఇప్పించిందే. ఉద్యోగం పోతే ఇల్లు, పాప స్కూలు, అన్నీ కదిలిపోతాయి. ఇవన్నీ ఒక్కసారిగా బుర్రలో తిరిగాయి. అయినా నోరు ఆగలేదు.

“గ్రెగ్, ఇది కంటి జబ్బే కాకపోతే మనకి పోయేది ఒక ఫోన్ కాల్. నిజంగా అదే అయి మనం ఊరుకుంటే, ఆ పన్నెండు రోజులూ తెలిసి ఊరుకున్నట్టు. నేను ఊరుకోలేను. మీరు చెయ్యకపోతే నేనే చేస్తాను.”

“ఆ వీడియోలు పెట్టు” అన్నారు వాల్ట్.

పెట్టాను. ఎడమ నుంచి పాస్ వస్తుంది, కుర్రాడు తల తిప్పడు, పక్ స్కేట్ పక్క నుంచి జారిపోతుంది. ఒకటి, ఇంకోటి, మరోటి. ఎనిమిదో తొమ్మిదో అయ్యాక ఆయన చాలన్నట్టు చెయ్యెత్తారు.

“జనవరిలో ఆ దెబ్బ తగిలిన రోజు నేను అక్కడే ఉన్నాను. తర్వాత నాలుగు మ్యాచ్‌లు చూశాను. సాఫ్ట్ అని మొదట రాసింది నేనే.” గ్రెగ్‌ని అనుమతి అడగలేదు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, నంబర్ వెతికి, బల్ల మీది ఫోన్ స్పీకర్‌లో పెట్టారు.

ఎత్తింది ఈథన్ తల్లి. వాల్ట్ తానెవరో చెప్పి, “అమ్మా, ఇది డ్రాఫ్ట్ గురించి కాదు. మీ అబ్బాయిని ఇవాళే కళ్ల డాక్టర్‌కి చూపించండి. ఎడమ కన్ను, కింది వైపు చూపు” అన్నారు.

ఆవిడ నెమ్మదిగా, “పాలు పోసుకుంటుంటే ఎడమ చెయ్యి తగిలి గ్లాసు పడేస్తున్నాడు. రెండు నెలల నుంచీ. ఎదిగే వయసు, పరాకు అనుకున్నాను” అంది.

గ్రెగ్ కుర్చీలో కూలబడ్డాడు. ఫోన్ పెట్టేశాక, “సరే. మంచి పనే” అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రమే పరీక్ష జరిగింది. కంటి లోపలి పొర రెటీనా అంచున చిరిగి ఊడుతోంది. చూపుకి ముఖ్యమైన నడిమి భాగానికి ఇంకా చేరలేదు గానీ చాలా దగ్గరికి వచ్చేసింది. బుధవారం ఆపరేషన్. ముందురోజు ఈథన్ వాల్ట్‌కి ఫోన్ చేశాడు, నేను పక్కనే ఉన్నాను. “మార్చి నుంచి ఆ మూల చీకటిగా ఉంది సర్. చెబితే ఎవరూ తీసుకోరని చెప్పలేదు” అన్నాడు. అందరూ ఈ కుర్రాడికి ధైర్యం లేదని రాశారు. వాడేమో సగం కనపడని కన్నుతో సీజన్ చివరిదాకా మంచు మీదికి దిగాడు.

గ్రెగ్ అనుకున్నట్టే విషయం అందరికీ తెలిసింది. డ్రాఫ్ట్ రోజు ఈథన్‌ని నాలుగో రౌండ్‌లో తీసుకుందామని వాల్ట్ పట్టుబట్టి ఒప్పించారు. మూడో రౌండ్‌లోనే ఇంకో జట్టు పిలిచేసింది. నా ఉద్యోగం ఉంది. గ్రెగ్ ఆ తర్వాత నాతో రెండు వారాలు ముభావంగా ఉన్నాడు, అంతే.

ఈథన్ పెద్ద ఆటగాడయ్యాడని రాయగలిగితే బాగుండేది. కాలేజీలో నాలుగేళ్లు ఆడాడు, బాగానే ఆడాడు, ప్రొఫెషనల్ స్థాయికి చేరలేదు. 2015లో చదువు పూర్తి చేశాడని, సొంత ఊళ్లో స్కూలు పిల్లలకు కోచ్‌గా చేరాడని వాల్ట్ చెప్పారు. మైదానంలో కళ్లద్దాలు లేకుండానే ఉంటాడట.

ఈ కేసులో లెక్కలు గెలిచాయని స్నేహితులంటారు. నాకు అలా అనిపించదు. నా లెక్కలు ఎక్కడ తేడా ఉందో చూపించాయి గానీ ఎందుకో చెప్పలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న స్కౌట్ కళ్లు ఎందుకో చెప్పాయి, తప్పు చెప్పాయి. మా జట్టు ఒక్కటే ఆ కుర్రాడి మీద పదకొండు రిపోర్ట్‌లు రాసింది. వాటిలో ఒక్కదాంట్లోనూ “నీకేమైంది?” అని అతణ్ణి అడిగినట్టు లేదు. నేనూ అడగలేదు. వీడియోలు చూస్తూ రోజుల తరబడి కూర్చున్నాను గానీ ఫోన్ తియ్యాలని తోచలేదు.

2011 సెప్టెంబర్‌లోనే మా రిపోర్ట్ ఫారంలో ఒక కొత్త గడి చేర్చాను: ‘ఆటలో మార్పు కనిపిస్తే, కారణం ఆటగాణ్ణి అడిగారా? ఏమన్నాడు?’ స్కౌట్లు మొదట విసుక్కున్నారు. ఆ గడి ఖాళీగా ఉన్న రిపోర్ట్ వస్తే వాల్ట్ చదవకుండానే తిప్పి పంపేసేవారు.